బారెల్ లోపలి తుప్పు

పదకొండింటికి వర్షిత వస్తుంది, ఇప్పుడు పదైంది, అంటే ఇంకో గంట, ఈ గంటలో మాట కూడగట్టుకోవాలి, కూతురు కారు దిగి లోపలికి రాగానే చెప్పేయాలి, ఆ తుపాకీని పాడుచేసింది మీ నాయన కాదు, నేను, అని. ఇంతే వాక్యం. మూడు వారాలుగా విజయ నోట్లో అటూ ఇటూ దొర్లుతోంది, బయటికి మాత్రం రావడం లేదు. హామిల్టన్ ఊరి చివర, ట్రాక్టర్ల సామాన్లమ్మే షెడ్లన్నీ దాటాక, తుపాకులు బాగుచేసే డెరెక్ వర్క్‌షాపులో గోడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. బయట పొగమంచు రోడ్డుని మింగేసింది. లోపల చిన్న హీటరొకటి ఆమె మోకాళ్ళ దాకా వేడి పంపి, అక్కడితో తన పని అయిపోయిందనుకుంటోంది. ఎదురుగా బల్ల మీద, రెండు చెక్క దిమ్మల మధ్య భర్త రవికిరణ్ రైఫిల్ ఉంది. మనిషి పోయి పది నెలలు. ఆయన వస్తువును చూస్తే ఏదో ఒకటి అనిపించాలి కదా, అనిపించలేదు, పన్ను పీకే ముందు మందు పెట్టిన దవడలా అంతా మొద్దుబారి ఉంది, గిల్లి చూసుకుంటే గిల్లినట్టు తెలుస్తుంది కానీ నొప్పి తెలియదు.

ఆమె రాగానే డెరెక్ సన్నటి తీగ చివర దీపమూ కెమెరా ఉన్న పరికరమొకటి బారెల్‌లోకి దూర్చి తెర మీద చూపించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, మాట నెమ్మది, ఎదుటివాళ్ళకు అర్థమైందా లేదా అని ప్రతి రెండు మాటలకూ ఆగి చూసే మనిషి. తెర మీద ఒక సొరంగం కనిపించింది, గోడల మీద మెలికలు తిరుగుతూ పోయే గాడి, తూటాని గిర్రున తిప్పి పంపేది అదే, మూతి దగ్గర ఓ జానెడు పొడుగున ఆ గాడి లేదు, ఎర్రటి పొక్కులున్నాయి. తుప్పు. తడిగా ఉండగా లోపల పెట్టేశారు, అన్నాడు డెరెక్. ఎవరు పెట్టారో అనలేదు, మీ ఆయన, అనీ అనలేదు. పెద్దమనిషి. కానీ రవికిరణ్ చేతి నుంచి ఈ రైఫిల్ ఇంకెవరి చేతికి వెళ్ళిందని ఆయన అనుకుంటాడు, తన ఎదుట కుర్చీలో కూర్చున్న ఈ నీలం జాకెట్ ఆవిడ చేతికి వెళ్ళిందనుకుంటాడా.

రెండు దారులున్నాయి, అన్నాడు. ఇప్పుడిది టూ ఫోర్ త్రీ, ఆరు మిల్లీమీటర్ల రంధ్రం. వర్షితకేమో ఫ్రెండ్స్‌తో పెద్ద జింకల వేటకు పోవాలని ఉంది, అందుకని త్రీ ఓ ఎయిట్ కావాలంటోంది, అంటే రంధ్రం ఎనిమిదికి కాస్త తక్కువ. రెండు తూటాలూ ఒక తల్లి పిల్లలే, మిగతా తుపాకీని ముట్టుకోనక్కర్లేదు. కాబట్టి, ఒకటి, ఈ బారెల్‌నే లోపల తొలిచి వెడల్పు చేసి, కొత్తగా గాడి కోయడం, దాన్ని రీబోర్ అంటారు, తుప్పు మచ్చలు ఆ పొట్టుతో పాటే రాలిపోతాయి, పైన పాతదే, లోపల కొత్తది. రెండు, ఈ బారెల్ విప్పి అవతల పారేసి కొత్త బారెల్ బిగించడం, పాత తలనొప్పులేవీ ఉండవు. మచ్చలు మరీ లోతైతే మొదటి దారి మూసుకుపోయేది, కొలిచాను, బొటాబొటిగా సరిపోతుంది. అమ్మాయి రానీ, తుపాకీ తన పేరు మీదికే కదా మారేది, తనే తేల్చుకోవాలి, అని కెటిల్ ఆన్ చేశాడు.

పారేయడమంటే ఆ బల్ల కింద ఇనపడబ్బాలోనేనన్నమాట. అందులో అరిగిపోయిన బారెళ్ళు నిలువుగా గుచ్చి ఉన్నాయి, కదిరిలో అమ్మ ఇంటి వెనక కంది కట్టెల మోపులా. కొత్తది వేయించుకుంటే తుప్పు, తడి, ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, అన్నీ ఆ డబ్బాలోకి పోతాయి, ఎవరూ అడగరు, వర్షిత నాలుగు రోజులు తండ్రిని తిట్టుకుని మరచిపోతుంది, చచ్చిపోయినవాడికి తిట్లు తగులుతాయా. ఈ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకు అసహ్యం వేయాలి, వేయలేదు, అది కూడా మొద్దుబారింది. డెరెక్ టీ తెచ్చిచ్చాడు, పాలు పోసిన టీ, ఆమె రెండు చేతులతో పట్టుకుని తాగకుండా కూర్చుంది.

తెలియక చేశానందామంటే అదీ కుదరదు. తొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం హాస్పిటల్‌లో ఆపరేషన్ సామాన్లు కడిగి, ఆరబెట్టి, ప్యాక్ చేయడం. కత్తెరలు, పట్టకార్లు, సన్నటి గొట్టాలు. గొట్టమన్నదాన్ని కడిగాక గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి అటువైపు నుంచి చూసి, చుక్క నీరు లేదని రూఢి చేసుకుంటే గాని పెట్టెలోకి పంపదు. కొత్తగా చేరిన పిల్లలకు నేర్పేది తనే, తడి ఉంటే తుప్పు, తుప్పుంటే ప్రాణం మీదికి, అని. రోజుకు రెండు వందల గొట్టాలు వెలుతురుకు ఎత్తి చూసే మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క గొట్టంలో చేతులారా నీళ్ళు పోసింది.

పోయలేదు, చల్లింది. దసరా రోజు. రవికిరణ్ పోయి రెండు నెలలు కూడా నిండలేదు. అంతకు ముందురోజు కదిరి నుంచి అత్త ఫోన్ చేసింది. "ఈ యేడు మనకు ఏ పండగా లేదమ్మా. సంవత్సరీకం అయ్యేంతదాకా ఏమీ చేయకూడదు. దేవుని గూట్లో దీపం గూడ పెట్టొద్దు," అంది. సరే అత్తా, అంది విజయ. అన్నమాట మీద నిలబడదామనే అనుకుంది. ప్రతి ఏడూ ఆ రోజు రవికిరణ్ గరాజ్‌లో న్యూస్‌పేపర్ పరిచి, తన సామాన్లన్నీ వరసగా పెట్టేవాడు, పానాలు, డ్రిల్లింగ్ మెషిన్, పాల యంత్రాల ఒత్తిడి చూసే మీటర్లు. కదిరిలో మోటార్లకు వైండింగ్ చేసే షాపుండేది ఆయనకు, ఆయుధపూజ ఆ షాపులో నేర్చింది, ఇక్కడికొచ్చి పాలు పితికే యంత్రాలు బాగుచేసే కంపెనీలో చేరినా ఆ అలవాటు వదల్లేదు, కంపెనీ వాళ్ళ వెనక తొట్టి ఉన్న యూట్ బండికి కూడా బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాడు, మరునాడు ఫామ్‌లో ఎవరో, ఏంటి మేట్ ఈ ఎర్రరంగు, అనడిగితే, ఇన్స్యూరెన్స్, అనేవాడట. ఆ మాట ఇంటికొచ్చి చెప్పుకుని తనే ముందు నవ్వేవాడు.

రైఫిల్‌కు మాత్రం చెక్క మీద ఒక్క బొట్టు. అంతే. ఉంగరపు వేలితో అద్ది, వేలు తుడుచుకుని, పక్కన ఒక పువ్వు పెట్టి గంటకల్లా తీసేసేవాడు. "ఇనుముకు నీళ్ళు తగలగూడదు మే," అనేవాడు, ఏడాదికోసారి, ఆమె వినడం మొదటిసారైనట్టు. వేట నుంచి వచ్చినప్పుడైతే, బురద బూట్లు గుమ్మంలోనే ఉండేవి, ఆకలి ఆకలిగానే ఉండేది, ముందు తుపాకీ విప్పి నూనెగుడ్డ అటునుంచి ఇటు మూడుసార్లు లాగితే గాని చేతులు కడిగేవాడు కాదు. వర్షితకు పద్నాలుగేళ్ళప్పటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకుని అదే పాఠం. విజయకూ పట్టుబట్టి లైసెన్సు ఇప్పించాడు, ఇనప బీరువా తాళం నీ దగ్గర ఉండాలంటే నీకూ ఉండాల్సిందే మే, రూలు రూలే, అని. ఆమె ఒక్క తూటా కాల్చలేదు ఇంతవరకు. పరీక్షలో మాత్రం ఆయనకన్నా ఎక్కువ సరైన జవాబులు రాసింది, దానికి ఆయన వారం రోజులు అలిగాడు.

ఆయన ఓ ఫామ్‌లో, పొద్దున్నే, ఆవులన్నీ వరసలో నిలబడి ఉండగా, మిషన్ కింద పడుకుని పైపు బిగిస్తూ పోయాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపిస్తుంటే ఇంకా పని చేస్తున్నాడనుకున్నారట చాలాసేపు. సామాన్లన్నీ కంపెనీవి, వారంలో వచ్చి యూట్‌తో సహా పట్టుకుపోయారు, మర్యాదగానే, ఒక పూలగుత్తి ఇచ్చి. దసరా రోజు పొద్దున విజయ డ్యూటీ లేక ఇంట్లోనే ఉంది, పండగ లేదు, వంట లేదు, గరాజ్ తలుపు తీసింది, ఖాళీగా ఉంది, నేల మీద నూనె మరకలున్నాయి. అప్పుడు బీరువా గుర్తొచ్చింది. ఇన్ని సామాన్లకు పంచి పెట్టే పూజ ఆ ఒక్కదాని మీద పడింది, పాపం, తట్టుకోలేకపోయింది. పసుపు తడిపి గడపకు రాసినట్టు బారెల్ పొడుగునా రాసింది, వరసగా కుంకుమ పెట్టింది, పెడుతుంటే వేలి కొస ఎర్రగా అయింది, ఆ వేలిని ఏం చేయాలో తెలియక కాసేపు గాల్లో పట్టుకుని, తరవాత చున్నీకి తుడుచుకుంది. చెంచాతో నీళ్ళు మూడుసార్లు చుట్టూ తిప్పి చల్లింది. సూపర్‌మార్కెట్‌లో తెచ్చిన పసుప్పచ్చ చేమంతి ఎక్కడ పెట్టినా జారిపోతోంటే, మూతిలో గుచ్చింది, నిలబడింది. బాగుంది. ఆ పూట అదొక్కటే బాగుంది. అంతలో ఫోన్ మోగింది, వర్షిత, వీడియో కాల్, ఎక్కడ చూస్తుందో అని గాభరాగా అన్నీ అలాగే లోపలికి తోసి బీరువాకు తాళం వేసి ఎత్తింది. ఏం చేస్తున్నావమ్మా? ఏమీ లేదు. ఏమీ లేదు, అన్నప్పుడు ఆమె మెడ మీద కూడా పసుపు ఉంది.

మూడో రోజు తీసి చూస్తే పువ్వు వాడింది, లాగితే తల ఊడి చేతికొచ్చింది, కాడ లోపలే ఉండిపోయింది. తలకిందులు చేసి విదిలించింది, రాలేదు. పైపైన పసుపు తుడిచింది, మళ్ళీ తాళం వేసింది. కాడే కదా, ఎండిపోతుందిలే, అనుకుంది, గొట్టాల మనిషి. ఆ చలిలో, ఆ తేమలో, ఎనిమిది నెలలు.

వర్షితకు లైసెన్సు వచ్చింది కిందటి నెలలో. ఆక్లాండ్‌లో ఫ్లాట్ తీసుకుని తనతో చదివే ముగ్గురితో ఉంటూ యూనివర్సిటీలో చదువుతోంది, తండ్రి పోయాక ఇంటికొచ్చినప్పుడల్లా చదువు గురించీ బస్సుల గురించీ తప్ప ఇంకో మాట ఎత్తేది కాదు. ఆ శనివారం వచ్చి, వంటింటి నేల మీద పాత టవల్ పరిచి, తండ్రి చెప్పిన వరసలోనే బోల్ట్ తీసి, సన్నటి కడ్డీతో నూనెగుడ్డ లోపలికి తోసింది. అటువైపు గుడ్డ ఇటుక రంగులో వచ్చింది, దాంతో పాటు గడ్డిపోచలాంటిది ఒకటి. పిల్ల ఆ గుడ్డను చాలాసేపు చూసింది. తరవాత లోపల ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో, ఒక్కసారిగా బయటపడింది. "అన్‌బిలీవబుల్! నాకు మాత్రం ప్రతిసారీ లెక్చర్ ఇచ్చేవాడు. తడిగా పెట్టకూడదు వర్షీ, క్లీన్ చేయాలి వర్షీ. తను మాత్రం తుప్పల్లో పొడిచి, గడ్డితో సహా అలాగే లోపల పడేశాడు! సచ్ ఎ హిపోక్రిట్, అమ్మా!" అని, కడ్డీ విసిరికొట్టి, చిన్నపిల్లలా కాళ్ళు నేలకేసి కొట్టుకుని ఏడ్చింది. అప్పుడే చెప్పాల్సింది. విజయ స్టవ్ దగ్గర నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, పప్పు మాడుతోందని గరిటె తిప్పింది.

ఆ తరవాత మూడు వారాలుగా రోజూ ఫోను. డాడ్ అలా, డాడ్ ఇలా. డాడ్ కారులో పెట్రోల్ పోయించకుండా వదిలేసేవాడు, డాడ్ నా స్కూల్ ఫంక్షన్‌కు గమ్‌బూట్లతో వచ్చాడు, డాడ్ అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కునేవాడు, నువ్వు చూశావా ఎప్పుడైనా? పది నెలల్లో తండ్రి గురించి మాట్లాడనంత ఈ మూడు వారాల్లో మాట్లాడింది. విజయ ఊఁ కొడుతూ వింది. రోజు రోజుకూ వాక్యం బరువెక్కింది, బరువెక్కేకొద్దీ నోరు తెరవడం కష్టమైంది. ఎందుకు మోస్తోందో ఆమెకే తెలియదు. పిల్లకు భయపడి కాదు. అత్తకు తెలుస్తుందనీ కాదు. చెప్తే, ఆ పొద్దున గరాజ్‌లో నిలబడిన ఆడదాన్ని ఎవరికో చూపించాల్సి వస్తుంది.

డెరెక్ బల్ల దగ్గర నుంచే ఏదో అన్నాడు, ఆమె తలెత్తింది. మీ అమ్మాయి కాల్చకముందే గుడ్డ తోసి చూడటం మంచిదైంది, అంటున్నాడు. బారెల్‌లో ఏదైనా అడ్డం ఉండగా కాల్చితే... అని రెండు చేతులూ మొహం ముందు పెట్టి వేళ్ళు విప్పాడు. బాగా నేర్పించారు ఆ పిల్లకు. ఎవరు నేర్పారో గాని. విజయ ఆ విప్పిన వేళ్ళ వైపు చూసింది. గురి చూసి కాల్చడం సాధన చేసే రేంజిలో పొట్టమీద పడుకున్న వర్షిత, చెంప చెక్కకు ఆన్చి, ఒక కన్ను మూసి. ఆమె బుర్ర ఆ బొమ్మను గీసి ఇచ్చింది, రంగులు వేయలేదు. చేతిలో టీ కప్పు కదల్లేదు. నేనేమైపోయాను, అనుకుంది, దిగులుతో కాదు, లెక్కలో ఏదో తప్పు వచ్చినప్పుడు అనుకున్నట్టు. ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, బాంబే దగ్గర ఫాగ్ ఎక్కువుంది, పది నిమిషాలు లేటు, అని. ఆక్లాండ్ నుంచి వచ్చే దారిలోనూ ఒక బాంబే ఉంది, రవికిరణ్ మొదటిసారి ఆ బోర్డు చూసి కారాపి దిగి ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోటో ఎక్కడుందో.

పదకొండుంపావుకు వర్షిత లోపలికొచ్చింది, జుట్టంతా పొగమంచు తడి. అమ్మ భుజం మీద చేయి వేసి తీసేసి, తిన్నగా తెర దగ్గరికి పోయి నిలబడింది. డెరెక్ మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు, రీబోర్ అయితే ఇలా, కొత్తదైతే అలా. పిల్ల ఆ ఎర్రటి పొక్కులను చూస్తూ పెదవి కొరుక్కుంది.

"కొత్తది వేసేద్దాం అమ్మా. డాడ్ చేసిన మెస్ నేనెందుకు క్యారీ చేయాలి?" అంది.

డెరెక్ కాగితం తీసి పెన్ను విప్పాడు. ఇక్కడ ఊరుకుంటే చాలు. పెన్ను కదిలితే అయిపోతుంది.

"మీ నాయన కాదు," అంది విజయ.

"వాట్?"

"తడిగా పెట్టింది మీ నాయన కాదు. నేనే. దసరా దినం పూజ చేసినా దానికి. నీళ్ళు చల్లినా. అది గడ్డి కాదు, చేమంతి కాడ. నేనే గుచ్చినా గొట్టంలో."

డెరెక్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పెన్ను కాగితం మీద పెట్టి, హీటర్ ఏదో సరిచేయాల్సినట్టు అటు నడిచాడు.

"మనకి ఫెస్టివల్స్ లేవు కదా ఈ ఇయర్. అవ్వ చెప్పింది కదా," అంది వర్షిత.

"లేవు."

"మరి ఎందుకు చేశావ్?"

"ఏమో. ఆయన వస్తువని ఇంట్లో అదొక్కటే మిగిలుండె."

"నేను కాల్చుంటే?"

"తెలుసు."

"తెలుసా? త్రీ వీక్స్ అమ్మా! నేను రోజూ ఫోన్ చేసి ఆయన్ని తిడుతుంటే నువ్వు ఊఁ ఊఁ అని విన్నావ్!" గొంతు షెడ్డంతా మోగింది. తరవాత ఆ గొంతు ఎక్కడో జారిపోయింది. పిల్ల బల్ల అంచు పట్టుకుంది. "నాకు బాగుండింది. ఆయన మీద కోపంగా ఉంటే. పక్క రూమ్‌లో ఉన్నాడనిపించేది, పోయి గట్టిగా అరవొచ్చు అనిపించేది. ఇప్పుడు ఆయన ఏమీ చేయలేదు. ఇప్పుడాయన జస్ట్... డెడ్."

పది నెలల్లో ఆ మాట ఎవరూ అనలేదు. పోయారన్నారు, లేరన్నారు, మనల్ని వదిలి వెళ్ళారన్నారు, హాస్పిటల్‌లో కాగితాల మీద కూడా ఇంకేదో పొడుగు మాట రాశారు. ఈ పొట్టి మాట విజయకు తిన్నగా వచ్చి తగిలింది, రొమ్ము ఎముక కింద, వేలు పెట్టి చూపించగలిగేంత చోట. నోరు దానంతట అదే తెరుచుకుంది. వచ్చిన చప్పుడు తనదని ఆమెకు వెంటనే తెలియలేదు, డెరెక్ వెనక్కి తిరిగి చూశాక తెలిసింది. టీ ఒళ్ళో ఒలికింది, చల్లగా ఉంది, చల్లగా ఉందని తెలిసింది.

వర్షిత వచ్చి అమ్మ చేతిలో కప్పు తీసి కింద పెట్టింది. కౌగిలించుకోలేదు. మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా, పట్టుకునే డెరెక్ వైపు తిరిగి, రీబోర్ చేయండి, బారెల్ ఇదే ఉండనీ, అంది. ఆయన ఒకసారి ఇద్దరినీ చూసి కాగితం మీద రాసుకున్నాడు.

"నీ మీద చాలా కోపంగా ఉంది అమ్మా నాకు," అంది.

"ఉండనీ," అంది విజయ, ముక్కు చీదుకుంటూ. "ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ. రోజూ ఫోన్ చేసి తిట్టు. నేను ఎత్తుతా."